మూసి ఉన్న గదిలో వేడి గాలి ఎలా తిరుగుతుందో సిమ్యులేట్ చేయాలంటే ముందు పది సెంటీమీటర్ల పెట్టెతో మొదలెట్టండి

చెన్నైలో పై అంతస్తులో అద్దెకుంటున్న మన తెలుగు పిల్లలు, ముఖ్యంగా గిండీ చుట్టుపక్కల ఎంటెక్ చేస్తున్నవాళ్ళు, సీఎఫ్‌డీ (గాలి, నీళ్ళ ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కకట్టడం) కాస్త చేతికి రాగానే అడిగేది ఒకటే, అన్నా మా రూమ్‌ని సిమ్యులేట్ చేయొచ్చా అని. రోహిణి కార్తె ఎండలకి ఆ శ్లాబు కింద పడుకున్నవాడికి ఆ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. చేయొచ్చు. కానీ నేరుగా రూమ్ గీసేసి, మంచం బీరువా కిటికీ అన్నీ పెట్టేసి, సాల్వర్ (సమీకరణాలు సాధించే ప్రోగ్రామ్) రన్ కొట్టి రంగుల బొమ్మ తీసి రిపోర్టులో అంటించేస్తే అది నిజమో కాదో చెప్పే దారి మీ దగ్గర ఏదీ ఉండదు. పైన ఎర్రగా, కింద నీలంగా, చూడ్డానికి బానే ఉంటుంది, తప్పు లెక్క కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. అందుకే ముందు జవాబు తెలిసిన చిన్న పెట్టె ఒకటి పట్టుకుని, మన కోడ్ ఆ జవాబు ఇచ్చేదాకా గది జోలికి పోకూడదని నేను గట్టిగా చెప్తాను.

ఆ పెట్టె ఏంటంటే, చదరపు పెట్టె, ఎడమ గోడ వేడి, కుడి గోడ చల్లన, పైనా కిందా గోడల నుంచి వేడి అటూ ఇటూ పోదు, లోపల గాలి. అంతే. ఎడమ గోడ పక్కన గాలి వేడెక్కి పైకి పోతుంది, పైకప్పు వెంట కుడివైపుకి నడుస్తుంది, అక్కడ చల్లబడి కిందకి దిగుతుంది, మళ్ళీ నేల వెంట ఎడమకి వస్తుంది. ఈ పెట్టెకి ఆస్ట్రేలియాలో యూనివర్సిటీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్‌లో పనిచేసిన డి వాల్ డేవిస్ అనే ఆయన 1983లో నంబర్లు వేసి పెట్టాడు, ఒకటి కంటే ఎక్కువ గ్రిడ్‌ల (పెట్టె మీద పరిచిన పాయింట్ల వల) మీద లెక్క చేసి, గ్రిడ్ సున్నాకి కుదించుకుపోతే ఎంత వస్తుందో అంచనా కట్టి మరీ. ఇప్పటికీ కొత్త కోడ్ రాసినవాళ్ళు మొదట వాటితోనే సరిచూసుకుంటారు.

ఇక్కడ అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవాల్సింది రేలీ నంబర్. గాలిని పైకి తోసే బలం ఒకవైపు, దాన్ని ఆపే జిగట, వేడి తనంతట తాను పాకిపోవడం ఇంకోవైపు, ఈ రెండిట్లో ఎవరిది పైచేయో చెప్పే నంబర్ ఇది. లెక్క ఎలా అంటే గ్రావిటీ 9.81, దాన్ని ఎక్స్‌పాన్షన్ కోఎఫిషియంట్‌తో, టెంపరేచర్ తేడాతో, పెట్టె పొడవు ఘనంతో గుణించి, మొత్తాన్ని కైనమాటిక్ విస్కాసిటీ, థర్మల్ డిఫ్యూజివిటీల లబ్ధంతో భాగించాలి. 300 కెల్విన్ దగ్గర గాలికి విస్కాసిటీ 1.59×10⁻⁵, డిఫ్యూజివిటీ 2.25×10⁻⁵ (సెకనుకి చదరపు మీటర్లు), ఎక్స్‌పాన్షన్ 1/300, ఇవి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, రోజూ కావాలి. పొడవు ఘనం ఉంది కదా, అదే మొత్తం కథని తిప్పేది. 11 డిగ్రీల తేడా పెట్టి చూడండి, ఒక సెంటీమీటర్ పెట్టెకి రేలీ నంబర్ సుమారు 10³, 2.15 సెంటీమీటర్లకి 10⁴, 4.64కి 10⁵, 10 సెంటీమీటర్లకి 10⁶. డి వాల్ డేవిస్ లెక్క వేసిన నాలుగు కేసులూ సరిగ్గా ఇవే. అదే మూడు మీటర్ల ఎత్తు గదికి 10 డిగ్రీల తేడా పెడితే 2.5×10¹⁰ వస్తుంది, అంటే మీ గది ఈ నాలుగు కేసులకి ఎక్కడో చాలా దూరంలో ఉంది, దాన్ని మొదటి రోజే ఎందుకు ముట్టుకోవద్దంటున్నానో ఇప్పుడు తెలిసిందనుకుంటా.

సరే, కోడ్‌కి వద్దాం. పైథాన్ చాలు, లూపులు నెమ్మది అనిపిస్తే వాటిని వేగంగా నడిపే నంబా లైబ్రరీ పెట్టుకోండి. రెండు డైమెన్షన్ల పెట్టెకి ప్రెషర్‌తో కుస్తీ పట్టక్కర్లేకుండా స్ట్రీమ్ ఫంక్షన్ (దీని వాలు నుంచే వేగాలు వస్తాయి), వర్టిసిటీ (గాలి ఒక్కో చోట ఎంత సుడి తిరుగుతోందో) పద్ధతిలో రాస్తే సుఖం. పెట్టె పొడవుని 1 అనుకోండి, వేడి గోడ 1, చల్ల గోడ 0, వేగాన్ని డిఫ్యూజివిటీ బై పొడవుతో కొలవండి, అప్పుడు లెక్కలో మిగిలేవి రేలీ నంబర్, ప్రాంటెల్ నంబర్ (విస్కాసిటీ బై డిఫ్యూజివిటీ) రెండే, గాలికి ప్రాంటెల్ 0.71. మూడు సమీకరణాలు. టెంపరేచర్‌ది మామూలుదే, గాలితో కొట్టుకుపోవడం ఒకటి, పాకడం ఒకటి. వర్టిసిటీది కూడా అంతే, కాకపోతే పాకే టర్మ్ ముందు ప్రాంటెల్ ఉంటుంది, అదనంగా ఒక సోర్స్ టర్మ్ ఉంటుంది, రేలీ ఇంటూ ప్రాంటెల్ ఇంటూ అడ్డం దిశలో టెంపరేచర్ వాలు. గాలిని తిప్పే ఇంజిన్ మొత్తం ఆ ఒక్క టర్మే, అడ్డంగా టెంపరేచర్ మారకపోతే తిప్పుడు పుట్టదు, ఈ మాట గుర్తుపెట్టుకోండి, గది దగ్గరికి వచ్చాక పనికొస్తుంది. మూడోది స్ట్రీమ్ ఫంక్షన్‌కి పాయిసాన్ సమీకరణం, దాని లాప్లాసియన్ (రెండు దిశల్లోని రెండో డెరివేటివ్‌ల మొత్తం) మైనస్ వర్టిసిటీకి సమానం.

ఇందులో దాగున్న ఊహ ఒకటి చెప్పాలి, బూసినెస్క్ అప్రాక్సిమేషన్. గాలి సాంద్రత మారడాన్ని గ్రావిటీ ఉన్న చోట మాత్రమే లెక్కలోకి తీసుకుని మిగతా అన్నిచోట్లా స్థిరం అనేసుకుంటాం. 10, 11 డిగ్రీలకి ఏ బాధా లేదు, గాలికి 30 డిగ్రీల దాకా లాగొచ్చు, ఆ పైన అయితే ఐడియల్ గ్యాస్ పెట్టి సాంద్రతని నిజంగానే మారనివ్వాలి.

గోడల దగ్గర ఏం పెట్టాలన్నదాని మీదే చాలామంది ఆగిపోతారు. స్ట్రీమ్ ఫంక్షన్ నాలుగు గోడల మీదా సున్నా, అది తేలికే. వర్టిసిటీకి గోడ మీద విలువ ఎవరూ ఇవ్వరు, దాన్ని మనమే లోపలి నుంచి తీయాలి. థామ్ సూత్రం వాడండి, గోడ పక్కనున్న మొదటి పాయింట్‌లో స్ట్రీమ్ ఫంక్షన్ ఎంతుందో దాన్ని మైనస్ 2తో గుణించి, గ్రిడ్ గ్యాప్ వర్గంతో భాగిస్తే గోడ మీది వర్టిసిటీ. దీన్ని ప్రతి టైమ్ స్టెప్‌లో కొత్తగా లెక్కేయాలి, ఒకసారి పెట్టి వదిలేస్తే గాలి గోడని అంటుకుని ఆగకుండా జారిపోతుంది, బొమ్మలో తెలీదు కూడా. పైనా కిందా గోడల్లో టెంపరేచర్ వాలు సున్నా అనే షరతు కూడా రెండో ఆర్డర్‌లో (లోపలి రెండు పాయింట్లు వాడి) పెట్టండి, పక్క పాయింట్ విలువని అలాగే కాపీ చేసేస్తే మూలల్లో కొంచెం కొంచెం వేడి తేడా కొడుతుంది.

ప్రతి స్టెప్‌లో వరస ఇది: స్ట్రీమ్ ఫంక్షన్ నుంచి వేగాలు, వాటితో టెంపరేచర్, కొత్త టెంపరేచర్‌తో వర్టిసిటీ, దాంతో పాయిసాన్, మళ్ళీ గోడ వర్టిసిటీ. పాయిసాన్‌కి ఎస్ఓఆర్ (జవాబుని పదేపదే సవరించుకుంటూ పోయే పద్ధతి) చాలు, రిలాక్సేషన్ ఫ్యాక్టర్‌ని 2 బై (1 ప్లస్ సైన్ ఆఫ్ పై ఇంటూ గ్రిడ్ గ్యాప్) అని పెడితే చదరపు గ్రిడ్‌కి దాదాపు అదే బెస్ట్.

టైమ్ స్టెప్ దగ్గర మటుకు జాగ్రత్త. సాదా ఎక్స్‌ప్లిసిట్ పద్ధతికి (పాత స్టెప్ విలువలతోనే కొత్తవి తీసేది) గ్రిడ్ గ్యాప్ వర్గం బై 4 దాటకూడదని క్లాసులో చెప్తారు, 41×41 గ్రిడ్‌కి అది 0.000156, రేలీ 10⁵ దాకా ఆ నియమమే సరిపోతుంది. కానీ 10⁶కి వెళ్ళి 81×81 గ్రిడ్ పెడితే ఆ నియమం 0.000039 ఇవ్వొచ్చు అంటుంది, అయినా కోడ్ పేలిపోతుంది, ఎందుకంటే అక్కడ వేగం 219 దాకా వెళ్తుంది, సెంట్రల్ డిఫరెన్స్‌తో (రెండు పక్కల పాయింట్ల తేడాతో వాలు తీయడం) ఎక్స్‌ప్లిసిట్ వాడితే ఇంకో హద్దు కూడా ఉంది, 2 ఇంటూ ప్రాంటెల్ బై వేగం వర్గం, అది 0.00003 కిందకి వస్తుంది. 0.00002 పెట్టుకోండి, నిదానంగా పోతుంది కానీ పోతుంది.

గ్రిడ్ గురించి ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే తప్పులన్నీ పుట్టేది ఇక్కడే. రేలీ 10⁶ దగ్గర పైకి పోయే గాలి అత్యధిక వేగం గోడ నుంచి 0.038 దూరంలో ఉంటుంది. 41×41 గ్రిడ్‌లో పాయింట్లు 0.025 దగ్గర ఒకటి, 0.05 దగ్గర ఇంకోటి, అంటే ఆ శిఖరం రెండు పాయింట్ల మధ్యలో పడిపోయింది, గోడకీ శిఖరానికీ మధ్య మీ దగ్గరున్నది ఒకే ఒక్క పాయింట్. పెట్టెలో వేడి మొత్తం నడిచేది ఆ సన్న పొరలోనే, మధ్యలో ఉన్న గాలి దాదాపు కదలకుండా పొరలు పొరలుగా నిలబడి ఉంటుంది. మధ్యలో వందల పాయింట్లు వేసి గోడ దగ్గర ఒకటి వేస్తే ఏం లాభం. 81×81లో శిఖరం మూడో పాయింట్ మీద పడుతుంది, 129×129 అయితే ఐదోది, అక్కడ నమ్మకం వస్తుంది. లేదా గోడల వైపు పాయింట్లు దగ్గరదగ్గరగా జరిపిన గ్రిడ్ వాడండి, తక్కువ ఖర్చులో అదే మంచి దారి. మన పది సెంటీమీటర్ల పెట్టెలో ఇదంతా ఎంతో ఊహించుకోండి, గోడకి నాలుగు మిల్లీమీటర్ల లోపే, సెకనుకి ఐదు సెంటీమీటర్ల వేగంతో వెళ్ళే సన్నటి గాలి పొర, అంతే.

కన్వెక్షన్ (గాలితో కొట్టుకుపోయే) టర్మ్‌కి ఫస్ట్ ఆర్డర్ అప్‌విండ్ (గాలి వచ్చే వైపు పాయింట్‌తోనే వాలు తీయడం) పెడితే కోడ్ అంత తేలిగ్గా పేలదు, అందుకే అందరికీ ఇష్టం. అది ఊరికే రాదు, వేగం ఇంటూ గ్రిడ్ గ్యాప్ బై 2 అంత దొంగ డిఫ్యూజివిటీని లోపల కలుపుతుంది, 41 గ్రిడ్‌లో 219 వేగానికి అది 2.7, అసలు డిఫ్యూజివిటీ 1 అయితే. గాలి గోడకి సమాంతరంగా పోయే చోట దీనివల్ల పెద్ద నష్టం జరగదు, ఎందుకంటే ఆ డిఫ్యూజన్ గాలి పోయే దిశలోనే పడుతుంది, అటు వాలు తక్కువ. మూలల్లో గాలి మలుపు తిరిగే చోట, గ్రిడ్‌కి ఏటవాలుగా పోయే చోట మాత్రం టెంపరేచర్‌ని చెరిపేస్తుంది. సెంట్రల్ డిఫరెన్స్ వాడండి, అటూ ఇటూ ఊగుతూ ముడతలు కనిపిస్తే గ్రిడ్ చాలట్లేదని అది మీకు చెప్తోందన్నమాట, స్కీమ్ మార్చకండి, గ్రిడ్ పెంచండి.

ఇప్పుడు సరిచూసుకోవడం. గోడ మీద సగటు నస్సెల్ట్ నంబర్ తీయాలి, అంటే గాలి అసలు కదలకపోతే వెళ్ళే వేడికి ఇప్పుడు ఎన్ని రెట్లు వెళ్తోందో. వేడి గోడ మీద ఒక్కో వరసలో గోడ టెంపరేచర్‌కి 3 రెట్లు, అందులోంచి మొదటి పాయింట్‌ది 4 రెట్లు తీసేసి, రెండో పాయింట్‌ది కలిపి, గ్రిడ్ గ్యాప్‌కి రెండింతలతో భాగించండి, తర్వాత కింద నుంచి పైదాకా సగటు కట్టండి. రావాల్సినవి ఇవి: 10³కి 1.118, 10⁴కి 2.243, 10⁵కి 4.519, 10⁶కి 8.800. వేగాలు కూడా చూడండి, పెట్టె సగం ఎత్తులో నిలువు వేగం అత్యధికం 10³కి 3.697, 10⁴కి 19.617, 10⁵కి 68.59, 10⁶కి 219.36. నస్సెల్ట్ ఒక్కటే కలిసిందని సంతోషపడిపోవద్దు, రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సగటు సరిగ్గా రావడం ఈ సమస్యలో మామూలే, వేగమూ అది ఉన్న చోటూ రెండూ కలవాలి. ఇంకో పరీక్ష బెంచ్‌మార్క్ లేకపోయినా పనిచేస్తుంది, వేడి గోడ మీద నస్సెల్ట్, చల్ల గోడ మీద నస్సెల్ట్, మధ్య నిలువు గీత మీద కన్వెక్షన్ కండక్షన్ రెండూ కలిపి తీసిన నస్సెల్ట్, మూడూ ఒకటే రావాలి, లోపలికి వెళ్ళిన వేడి బయటికి రావాలి కదా. అవి వేరేవేరేగా ఉంటే ఇంకా స్టెడీ అవ్వలేదు, లేదంటే గ్రిడ్ చాల్లేదు.

గ్రిడ్ గ్యాప్‌ని సగం చేసి రెండుసార్లు రన్ చేసుకుంటే ఇంకో సౌకర్యం ఉంది. రెండో ఆర్డర్ స్కీమ్ అయితే సన్న గ్రిడ్ జవాబులోంచి ముతక గ్రిడ్ జవాబు తీసేస్తే వచ్చే తేడాలో మూడో వంతుని సన్న గ్రిడ్ జవాబుకి కలపండి, అది దాదాపు అసలు జవాబుకి దగ్గరగా వచ్చేస్తుంది.

నంబర్లకి ప్రాణం రావాలంటే వాట్లలోకి మార్చి చూడండి. పది సెంటీమీటర్ల పెట్టె, 11 డిగ్రీలు, నస్సెల్ట్ 8.8, గాలి కండక్టివిటీ 0.0263. వేడి గోడ నుంచి చల్ల గోడకి వెళ్ళేది పావు వాట్! గాలి కదలకపోతే 0.03 వాట్ కూడా దాటదు. సీల్ చేసిన డబ్బాలో సర్క్యూట్ బోర్డు పెట్టి, గాలి తిరుగుతుందిలే అదే చల్లబడుతుంది అనుకునేవాళ్ళు ఈ పావు వాట్ గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడిదాకా వచ్చాక గది. ఇప్పుడు సొంత కోడ్ పక్కన పెట్టి ఓపెన్‌ఫోమ్ అనే ఉచిత సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళండి. దాంతోనే బూయంట్ క్యావిటీ అనే ట్యుటోరియల్ కేస్ వస్తుంది, 2.18 మీటర్ల ఎత్తు, 76 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న సన్నటి పెట్టె మీద బెట్స్, బొఖారి అనే ఇద్దరు చేసిన ప్రయోగం అది, కొలిచిన నంబర్లు కూడా ఫోల్డర్‌లోనే ఉంటాయి. గది కంటే ముందు దీన్ని రన్ చేసి మీ టర్బులెన్స్ మోడల్ (గాలిలో చిందరవందర సుడుల్ని లెక్కలోకి తెచ్చేది) కొలతలకి ఎంత దగ్గరగా వస్తుందో చూసుకోండి. టర్బులెన్స్ ఎందుకంటే, మన చదరపు పెట్టెలోనే రేలీ నంబర్ 1.8×10⁸ దగ్గర గాలి స్టెడీగా ఉండటం మానేస్తుంది, గది 10¹⁰ పైన ఉంది. కే ఒమేగా ఎస్ఎస్‌టీ అనే టర్బులెన్స్ మోడల్ పెట్టి, గోడ పక్క మొదటి సెల్ అర మిల్లీమీటర్, మహా అయితే ఒక మిల్లీమీటర్ మందం ఉంచండి. మామూలు వాల్ ఫంక్షన్లు (గోడ పక్క పొరని రెడీమేడ్ సూత్రంతో దాటేసేవి) పంపుతోనో ఫ్యాన్‌తోనో తోసిన ప్రవాహాల కోసం తయారైనవి, వేడికి తనంతట తాను లేచే గాలికి అవి సరిపోవు.

ప్రెషర్ సంగతి తప్పకుండా చెప్పాలి. మూడు మీటర్ల గాలి స్తంభం బరువు వల్ల నేలకీ పైకప్పుకీ మధ్య ప్రెషర్ తేడా సుమారు 35 పాస్కల్స్, 10 డిగ్రీల వల్ల అందులో వచ్చే మార్పు ఒక పాస్కల్ చిల్లర, సెకనుకి 30 సెంటీమీటర్లతో పోయే గాలి డైనమిక్ ప్రెషర్ 0.05 పాస్కల్. అట్మాస్ఫియర్ ప్రెషర్ లక్ష పాస్కల్స్. లక్షలో 0.05 వెతకడం కంప్యూటర్‌కి కూడా కష్టమే, అందుకే ఓపెన్‌ఫోమ్ ఆ బరువు భాగం తీసేసిన ప్రెషర్‌తో లెక్క చేస్తుంది, గోడల షరతులు కూడా ఆ ప్రెషర్‌కే ఇవ్వాలి. గది అన్నివైపులా మూసి ఉంటే ప్రెషర్ రిఫరెన్స్ ఒక సెల్‌లో ఇవ్వాలి. టెంపరేచర్లు కెల్విన్‌లో ఇవ్వండి, గ్రావిటీ ఏ యాక్సిస్‌లో ఉందో మీ జామెట్రీతో కలిపి చూసుకోండి, చిన్న విషయాలే గానీ రాత్రంతా రన్ చేసింది పోయేది వీటి వల్లే.

ఇప్పుడు చెన్నై శ్లాబు. పగలంతా ఎండకి కాలిన కాంక్రీటు పొద్దుగూకాక కూడా లోపలికి వేడి దింపుతూనే ఉంటుంది. సీలింగ్ 40, నేల 32 డిగ్రీలు అనుకోండి. వేడి పైన ఉంది, చల్లన కింద ఉంది, అంటే తేలిక గాలి ముందే పైనుంది, నీళ్ళ మీద నూనె తేలినట్టు అలా నిలబడిపోతుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, అడ్డంగా టెంపరేచర్ తేడా లేకపోతే తిప్పుడు లేదని. కదలని మూడు మీటర్ల గాలి గుండా కిందకి పాకే వేడి చదరపు మీటరుకి 0.07 వాట్. మరి మంచం మీద పడుకున్నవాడికి ఒళ్ళంతా సెగ ఎందుకు తగులుతోంది? రేడియేషన్. సీలింగ్‌నీ నేలనీ రెండు పెద్ద పలకలు అనుకుని, ఎమిసివిటీ (ఉపరితలం ఎంత బాగా రేడియేషన్ వెదజల్లుతుందో) 0.9 వేసి లెక్క కడితే చదరపు మీటరుకి 40 వాట్లకి పైనే దిగుతుంది. ఆరువందల రెట్లు! రేడియేషన్ ఆపేసి ఈ గదిని సిమ్యులేట్ చేస్తే కింద హాయిగా ఉందని సాల్వర్ చెప్తుంది, అది పచ్చి అబద్ధం. గాలి రేడియేషన్‌ని దాదాపు అడ్డుకోదు కాబట్టి వ్యూ ఫ్యాక్టర్ మోడల్ పెట్టండి, గోడ నుంచి గోడకి నేరుగా లెక్క చేస్తుంది. పీ1 మోడల్ తొందరగా అవుతుంది కానీ అది మందపాటి పొగ, మంటల్లాంటి వాటికి పనికొస్తుంది, శుభ్రమైన గాలికి కాదు. రేడియేషన్‌తో నేల, గోడలు వేడెక్కాక మళ్ళీ వాటి నుంచి గాలి లేస్తుంది, పడమటి గోడ వేడిగా తూర్పు గోడ చల్లగా ఉంటే అడ్డంగా తేడా వచ్చేస్తుంది, అప్పుడు మన పెట్టెలో చూసిన తిప్పుడే గదిలోనూ మొదలవుతుంది.

ఫ్యాన్ తిరుగుతుంటే రిచర్డ్‌సన్ నంబర్ చూడండి, గ్రావిటీ, ఎక్స్‌పాన్షన్, టెంపరేచర్ తేడా, ఎత్తు నాలుగింటినీ గుణించి వేగం వర్గంతో భాగించడమే. 8 డిగ్రీలు, మూడు మీటర్లు, సెకనుకి 2 మీటర్ల గాలి అంటే 0.2 దగ్గర వస్తుంది, ఫ్యాన్‌ది పైచేయి కానీ తేలే బలాన్ని తీసేయలేం, రెండూ ఉంచండి. వేగం పెరిగి 0.1కి బాగా కిందకి పోతే అప్పుడు గ్రావిటీ ఆపేసి చేసుకోవచ్చు.

చివరిగా ఒకటి, స్టెడీ సాల్వర్‌తో గది కేసు రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడా) ఒకచోట ఆగి ఊగుతూ ఉంటే రిలాక్సేషన్ ఫ్యాక్టర్లు తగ్గించుకుంటూ కూర్చోవద్దు, అక్కడ గాలి నిజంగానే ఊగుతోంది. ట్రాన్సియెంట్‌కి (కాలంతో పాటు నడిచే లెక్కకి) మార్చి, మొదటి గడబిడ పోయాక సగటు తీయడం మొదలెట్టండి. పక్కనే అన్ని గోడల హీట్ ఫ్లక్స్ రేడియేషన్‌తో కలిపి రాయించుకోండి, వచ్చిన వేడీ పోయిన వేడీ సగటులో ఒకటి రెండు శాతం లోపు కలిసేదాకా రన్ ఆపకండి.